పన్నెండంకెల గండం

లండను చూసివచ్చిన మనవాళ్ళను పలకరిస్తే టవర్ బ్రిడ్జి, రాజుగారి మేడ, మైనపు బొమ్మలు, ఈ మూడింటిని గురించీ తప్పకుండా చెబుతారు. తప్పులేదు. అంత డబ్బు పోసి టిక్కెట్టు కొనుక్కొని పోయినవాళ్ళు చూడదగినవి చూడవద్దూ? నేనూ చూశాను. కాని వాటిని గురించి ఇదివరకే చాలామంది రాశారు గనుక మళ్ళీ రాసి పాఠకులను విసిగించను. నేను చెప్పబోయేది క్రాయ్‌డన్ అనే పేట సంగతి. అక్కడ చూడవలసిన వింత ఒక్కటీ లేదని ఆ పేటవాళ్ళే ఒప్పుకుంటారు.

క్రాయ్‌డన్ లండను నడిబొడ్డుకు దక్షిణంగా పది మైళ్ళ దూరాన ఉంది. మా పెదనాన్నగారి అమ్మాయి, మా బావగారు అక్కడ ఇల్లు కొనుక్కొని స్థిరపడి పదిహేనేళ్ళు దాటింది. 2024 వేసవి సెలవుల్లో నేను నెల్లాళ్ళు వాళ్ళింట్లో ఉన్నాను. ఉదయం పూట అక్కయ్య వెంట సర్రీ స్ట్రీట్ సంతకు వెళ్ళేవాణ్ణి. ఆ సంత వందల ఏళ్ళనాటిది. ఇప్పుడక్కడ బెండకాయలు, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర అన్నీ దొరుకుతాయి. కూరలు గిన్నెల్లో పోసిపెట్టి, "గిన్నె ఒక పౌను, గిన్నె ఒక పౌను" అని మన సంతల్లోలాగే గొంతు చించుకొని కేకలు వేస్తారు. సాయంకాలం ఒక్కణ్ణే వీధుల వెంట నడిచేవాణ్ణి.

ఆ వీధులు మొదట విసుగ్గానే ఉంటాయి. ఎర్ర ఇటుకల రెండంతస్తుల ఇళ్ళు ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ, ఒక అచ్చులో పోసినట్టు వీధి చివరిదాకా పోతాయి. నాలుగైదు రోజులు నడిచాక నాకొక విశేషం కనిపించింది. అలా ఒకే తీరున పోతున్న వరసలో ఉన్నట్టుండి రెండో మూడో ఇళ్ళు వేరే తీరుగా ఉంటాయి. ఇటుక రంగు వేరు, కిటికీల వెడల్పు వేరు, కప్పు వాలు వేరు. వాటి తరువాత మళ్ళీ పాత వరసే. పన్ను ఊడినచోట కట్టుడుపన్ను పెట్టించుకున్నట్టు! ఒక్క వీధిలో అయితే ఎవరో పడగొట్టి కట్టుకున్నారనుకోవచ్చు. వీధి తరువాత వీధిలో కనిపిస్తుంటే ఏమనుకోను? బావగారిని అడిగాను.

"అవా? యుద్ధంలో బాంబులు పడ్డచోట్లు," అన్నారాయన కాఫీ చల్లార్చుకుంటూ. "మన వీధిలోనూ ఉన్నాయి, ఎదురు వరసలో మూడిళ్ళు. వివరాలు కావాలంటే పక్కింటి మామ్మగారిని అడుగు. ఆవిడకు తెలియంది లేదు."

ఈ మామ్మగారు అచ్చమైన ఇంగ్లీషావిడే. మా మేనకోడలు పసితనంలో "మామ్మగారూ" అని పిలవడం మొదలుపెడితే ఆవిడ అదే తన పేరన్నట్టు పలకడానికి అలవాటు పడిపోయిందట. అప్పటికి ఎనభై ఎనిమిదేళ్ళు. పుట్టిన ఇంట్లోనే ఉన్నది. నడుము కాస్త వంగింది గాని మాట వంగలేదు. అక్కయ్య చేసిన పులిహోర గిన్నె పట్టుకొని మేనకోడలితో కలిసి వెళ్ళాను. ఆవిడ పులిహోర రెండు చెంచాలు రుచి చూసి, కారం తక్కువైందని చెప్పి, మమ్మల్ని పెరట్లోకి తీసుకుపోయింది.

పెరటి మూల సగం నేలలోకి దిగబడి, కమానులా వంగిన ఇనపరేకుల గూడు ఒకటి ఉంది. లోపల గునపం, పారలు, పూలకుండీలు. "మా నాన్న తవ్విన గొయ్యి ఇది," అన్నది మామ్మగారు. దాన్ని ఆండర్సన్ షెల్టరంటారు. 1939లో ప్రభుత్వంవారు ఇంటింటికీ పంచిపెట్టారు. ముడతల రేకులు వంచి నడినెత్తిన బిగించి, నాలుగడుగుల గోతిలో దించి, పైన అడుగు మందానికి మించి మట్టి కప్పాలి. ఆరున్నర అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. అందులో ఆరుగురు తలదాచుకోవాలి. ఆదాయం తక్కువగలవాళ్ళకు ఉచితం, తక్కినవాళ్ళకు ఏడు పౌన్లు. ఇంతకూ ఈ ఆండర్సన్ ఎవరో తెలుసునా? 1932 నుంచి 1937 దాకా మన బెంగాలుకు గవర్నరుగిరీ చేసిన సర్ జాన్ ఆండర్సనే!

షెల్టరు గట్టిదే గాని నీళ్ళూరేది. లండను వాన సంగతి తెలిసిందే కదా. చలికాలంలో పాదాలు తడిసి, దగ్గులు పట్టుకొని, చివరకు ఆ ఇంటివాళ్ళు దానిలోకి దిగడమే మానేశారు. మామ్మగారి తల్లి పైనున్న మట్టిలో గుమ్మడి జాతి పాదు పెట్టింది. బాంబులనుంచి ఎంతవరకు కాపాడిందో గాని ఆ షెల్టరు కూరకు మాత్రం బాగా పనికివచ్చిందన్నమాట.

దాని బదులు ముందుగదిలోకి ఒక బల్ల వచ్చింది. బల్లంటే మామూలు బల్ల కాదు. ఆరున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. పైన ఉక్కు పలక, నాలుగు ఉక్కు కాళ్ళు, చుట్టూ ఇనపతీగ జల్లెడ. పగలు దానిమీద గుడ్డ పరిచి భోజనం చేయడం, రాత్రి జల్లెడ దించుకొని దానికింద పడుకోవడం. జాన్ బేకర్ అనే ఇంజనీరింగు ప్రొఫెసరు దీన్ని రూపొందించాడు. ఆయన ఆలోచన నాకు నచ్చింది. పైన పడ్డ ఇంటి బరువును ఎదిరించి నిలబడాలని కాదు, కాస్త వంగి, సొట్టపడి, ఆ బరువును తనలో ఇముడ్చుకోవాలని. మేడ పైఅంతస్తు కూలి మీద పడ్డా కింద మనిషి మిగలాలి. 1941లో పంపకం మొదలైంది. హోంమంత్రి హెర్బర్ట్ మారిసన్ పేరుమీద దాన్ని మారిసన్ షెల్టరన్నారు. ఈ మారిసన్ పేరు పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది.

ఆ బల్లకింద తల్లి, పదమూడేళ్ళ అన్న, ఎనిమిదేళ్ళ మామ్మగారు. తండ్రికి రైల్వేలో రాత్రి డ్యూటీలు. నాయనమ్మ మాత్రం బల్లకింద దూరడానికి ససేమిరా ఒప్పుకోలేదట. "కుక్కపిల్లలా బోనులో పడుకోను. పోయేదేదో కుర్చీలో కూర్చునే పోతాను," అని ఊలు అల్లుకుంటూ కూర్చునేది. అల్లినదానిలో సగం మరునాడు విప్పి మళ్ళీ అల్లవలసి వచ్చేదట, పాపం. చీకట్లో కుట్లు తప్పేవి.

1940-41ల నాటి విమానాల దాడులు మామ్మగారికి లీలగానే గుర్తు. ఆవిడ మనసులో నాటుకుపోయినది 1944 వేసవి. జూన్ 6న మిత్రసేనలు ఫ్రాన్సులో దిగాయి, ఇక యుద్ధం అయిపోయినట్టేనని అందరూ సంతోషపడుతున్నారు. సరిగ్గా వారానికి, 13వ తేదీన, తూర్పు లండన్‌లో గ్రోవ్ రోడ్డు రైలు వంతెన దగ్గర మనిషి లేని విమానం ఒకటి వచ్చి పడింది. ఆరుగురు చనిపోయారు. అదే వి-1. ఇవాళ మనం క్షిపణులు అంటున్నవాటికి అది పెద్దక్క.

దాని పనితీరు వింటే ఆశ్చర్యం, ఆ వెనకే రోత కలుగుతాయి. ఫ్రాన్సు ఉత్తరతీరాన ఉన్న వాలుబల్ల మీదినుంచి వదులుతారు. గంటకు నాలుగువందల మైళ్ళ వేగం. ముక్కున చిన్న గాలిమర ఒకటి ఉంటుంది. అది ఎన్నిసార్లు తిరిగితే లండను వస్తుందో ముందే లెక్కకట్టి బిగిస్తారు. ఆ లెక్క పూర్తికాగానే తోక రెక్కలు వాలి బాంబు తల కిందికి పెడుతుంది. పెట్టేసరికి నూనె అందక ఇంజను ఆగిపోతుంది. ఆగినప్పటినుంచి నేల తాకేదాకా పన్నెండు సెకన్లు పడుతుంది, అటూ ఇటూగా.

"ఆ పన్నెండూ లెక్కపెట్టడం నాకు ఎదురింటి పిల్ల నేర్పింది," అన్నది మామ్మగారు. ఇద్దరూ ఒక తరగతి. పాత మోటారు సైకిలు చప్పుడులాంటి మోత దూరాన వినిపిస్తుంది. దగ్గరవుతుంది. నెత్తిమీదికి వస్తుంది. అలాగే మోగుతూ దాటిపోతే బతికినట్టే, ఇంకెవరికో మూడింది. మోత ఆగిందా, ఒకటి, రెండు, మూడు... పన్నెండు దాటి పదమూడు అనగలిగితే ఇంకో పూట గడిచినట్టు.

ఈ ఒక్క చప్పుడు ఇంటి నడవడినంతా మార్చేసిందట. మామ్మగారు చెప్పినవాటిలో నన్ను ఎక్కువగా కదిలించినవి ఇవే. ఆ ఇంట్లో టీ నీళ్ళ కెటిలుకు ఈల ఉండేది. నీళ్ళు మరిగితే కూతపెట్టే రకం. వాళ్ళమ్మ ఆ ఈల పీకి సొరుగులో పడేసింది. ఆ కూతలో అసలు మోత వినిపించదేమోనని. రేడియో చెవి ఆనిస్తేగాని వినపడనంత చిన్నగా పెట్టేవారు. కుళాయి ధారగా వదిలితే కేక వేసేది. స్నానం మూడు నిమిషాల్లో ముగించాలి, తలుపు గడియ వేయకూడదు. ఇంట్లో ఎవరూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవారు కాదు. పోట్లాడుకునేటప్పుడు కూడా గుసగుసగానే పోట్లాడుకునేవారట. బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళితే పిల్లవాడు గుమ్మంలో నిలబడి ఆకాశానికి చెవి ఒగ్గేవాడు. సైరను రోజుకు పదిసార్లు మోగేది, ఆగేది. ప్రతిసారీ పొయ్యి ఆర్పి బల్లకింద దూరితే వంట ఎప్పుడయ్యేను? అందుకని సైరనును లెక్కచేయడం మానేసి, చెవినే నమ్ముకున్నారు. ఉడికే కూరను ఒక చేత్తో కలుపుతూ, రెండో చేత్తో కూతురి జబ్బ పట్టుకొని నిలబడ్డ తల్లి ఆవిడకు ఇప్పటికీ కళ్ళముందు ఉన్నది.

ఆ కూరలోనైనా ఏమున్నది? అంతా రేషనే. మనిషికి వారానికి రెండు ఔన్సుల టీ ఆకు, రెండు ఔన్సుల వెన్న, దొరికితే ఒక గుడ్డు. టీ ఆకు ఆరబెట్టి రెండోసారి కాచుకునేవారట. మన ఇళ్ళలో కాఫీపొడి నిండుకున్నప్పుడు చేసే పనే.

క్రాయ్‌డన్ మీద ఆ వేసవిలో నూటనలభై దాకా వి-1లు పడ్డాయి. లండన్‌లో మరే పేటలోనూ అన్ని పడలేదు. ఎందుకు? ఫ్రాన్సు తీరంనుంచి లండనుకు వచ్చే దారిలో ఉన్నది గనుక, కొంత. దారిలో ఫిరంగులు, యుద్ధవిమానాలు, తీగలు వేలాడదీసిన బెలూన్లు అడ్డుపడుతుంటే తప్పినవి నగరానికి ఇవతలే రాలేవి గనుక, కొంత. ఇంకొక కారణం కూడా చెప్పుకోవాలి. అది క్రాయ్‌డన్‌కే కాదు, దక్షిణ లండన్‌కంతటికీ సంబంధించినది. ఈ సంగతి యుద్ధం అయిపోయిన ఎన్నో ఏళ్ళకుగాని బయటికి రాలేదు.

జర్మన్లు గురిపెట్టింది టవర్ బ్రిడ్జికి. కాని బాంబులు సగటున కొన్ని మైళ్ళు ఇవతలే, దక్షిణ లండన్‌లోని డల్విచ్ చుట్టుపక్కల పడుతున్నాయి. ఎక్కడ పడుతున్నాయో జర్మన్లకు తెలియాలంటే లండన్‌లో వాళ్ళ గూఢచారులు చెప్పాలి. ఆ గూఢచారులంతా అప్పటికే బ్రిటిషువారి చేతిలో కీలుబొమ్మలు! ఏం చెప్పించాలి? నిజం చెప్పిస్తే వాళ్ళు గురి సరిదిద్దుకొని నగరం నడిబొడ్డున కొడతారు. ఉత్త అబద్ధం చెప్పిస్తే ఫోటోలు తీయించి పట్టుకోవచ్చు. ఆర్. వి. జోన్స్ అనే శాస్త్రవేత్త ఒక ఉపాయం చెప్పాడు. గురి దాటి అవతల పడ్డ బాంబుల చోట్లు చెప్పండి, ఇవతల పడ్డవాటి వేళలు చెప్పండి. రెండూ కలుపుకొని జర్మన్లు, దూరం ఎక్కువైంది కాబోలు, తగ్గిద్దామనుకుంటారు. తగ్గిస్తే మరింత దక్షిణాన పడతాయి. అక్కడ జనం పలచన గనుక చావులు తగ్గుతాయి.

లెక్కకు లెక్క సరిగానే ఉంది. పైగా డల్విచ్ వైపే ఆ జోన్స్ తల్లిదండ్రుల ఇల్లు, ఆయన చదువుకున్న బడీ ఉన్నాయి. ఆ సంగతి తెలిసే చెప్పాడు. మంత్రుల్లో దీన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు మన బల్ల మారిసనే. దక్షిణ లండన్‌లోనే పుట్టిన మనిషి. వీళ్ళను కాపాడటానికి వాళ్ళు చావాలని నిర్ణయించే హక్కు మనకెక్కడిదని ఆయన వాదం. వాదం వాదంగానే ఉండిపోయింది, కబుర్లు మాత్రం ఏదో ఒక రూపంలో వెళుతూనే వచ్చాయి. ఎన్ని ప్రాణాలు మిగిలాయో, ఎవరి ప్రాణాలు పోయాయో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. నాకు మాత్రం జోన్స్‌ను తప్పుపట్టడానికి నోరు రాలేదు, మారిసన్ మాట తీసిపారేయడానికీ మనసొప్పలేదు.

మామ్మగారిని అడిగాను, ఈ సంగతి తెలిశాక ఏమనిపించిందని. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. మమ్మల్ని ముందుగదిలోకి తీసుకుపోయి కిటికీ తెర తొలగించి ఎదురు వరసలోని మూడు కొత్త ఇళ్ళు చూపించింది. 'కొత్త' అన్నానే గాని వాటికీ డెబ్భై ఏళ్ళున్నాయి.

జూలై మొదటివారంలో ఒక మధ్యాహ్నం. తల్లి రొట్టెకు పిండి కలుపుతున్నది. మోత వచ్చింది, ఆగింది. ముగ్గురూ బల్లకింద దూరారు, నాయనమ్మ కుర్చీలో ఉంది. మామ్మగారు తొమ్మిది దాకా లెక్కపెట్టింది. తరువాత చప్పుడు గుర్తులేదు, గదినిండా సున్నం, మసి, గాజుపెంకులు. పిండి ముద్ద మీద పేలిన గాజు చక్కెర పలుకుల్లా మెరుస్తున్నదట. నాయనమ్మకు నుదుట చిన్న గాటు తప్ప ఏమీ కాలేదు. బయటికి వచ్చి చూస్తే ఎదుట మూడిళ్ళు లేవు. ఆ ఇళ్ళ వెనక పెరళ్ళు మాత్రం వీధిలోకి కనిపిస్తున్నాయి. ఒక పెరట్లో ఆరేసిన దుప్పట్లు తాడుమీద అలాగే ఊగుతున్నాయి. లెక్కపెట్టడం నేర్పిన పిల్ల ఆ ఇంటిదే.

"ఆ పిల్ల బడికి ఎందుకు రాలేదో మా టీచరు చెప్పలేదు. మేమూ అడగలేదు," అన్నది మామ్మగారు. "నువ్వడిగిన సంగతి నేను పేపర్లో చదివేనాటికి నాకు మనవలు పుట్టారు. అప్పటికి మా అమ్మ లేదు. లేకపోవడమే మంచిదనుకున్నాను."

ఇంపీరియల్ వార్ మ్యూజియం కూడా దక్షిణ లండన్‌లోనే ఉంది, లాంబెత్‌లో. ఒకప్పుడు పిచ్చాసుపత్రిగా ఉన్న భవనం అది. యుద్ధాల మ్యూజియానికి అంతకన్నా తగిన చోటు దొరకదని మా బావగారి చమత్కారం. 2021లో అక్కడ రెండో ప్రపంచయుద్ధం గ్యాలరీనీ, యూదుల మారణహోమం గ్యాలరీనీ కొత్తగా తీర్చిదిద్దారు. వి-1 ఒకదాన్ని ఆ రెంటికీ నడుమ గాలిలో వేలాడదీశారు. ఊరికే కాదు. ఆ ఆయుధాలను చేయడానికి నిర్బంధశిబిరాల ఖైదీలను వాడారు. వాటికోసం కొండలో తొలిచిన డోరా అనే శిబిరంలోనూ దాని శాఖల్లోనూ ఇరవైవేలమంది దాకా చచ్చిపోయారు. వి-1 వల్ల ఇంగ్లండులో పోయినవారు ఆరువేలకు పైగా, దాని తరువాత వచ్చిన వి-2 వల్ల 2,700కు పైగా. అంటే అవి తగిలి చచ్చినవారికన్నా అవి చేస్తూ చచ్చినవారే ఎక్కువ.

వి-2 దగ్గరికే వస్తున్నాను. ఎదురిళ్ళు కూలిన మరుసటి వారం మామ్మగారి తల్లి పిల్లలిద్దరినీ ఊరు దాటించింది. అలా ఆ వేసవిలో లండను విడిచినవారు పది లక్షలకు పైమాటే. కోటుకు పేరు రాసిన చీటీ గుచ్చి, భుజాన గ్యాసు మాస్కు పెట్టె తగిలించి, పిల్లలను రైలెక్కించారు. ఉత్తరాన లాంకషైర్లో ఎవరో ముక్కూమొహం తెలియని దంపతుల ఇల్లు. తల్లి వెళ్ళలేదు. భర్త డ్యూటీలు, కుర్చీ వదలని అత్తగారు, వాళ్ళను చూసుకునేదెవరు? మనవైపు 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేసినప్పుడు మా అమ్మమ్మగారివాళ్ళు బండి కట్టుకొని, ఊరగాయ జాడీతో సహా, ఇంటిల్లిపాదీ పల్లెలో బంధువుల ఇంటికి పోయారట. పల్లె అంటూ ఒకటి వెనక ఉన్నవాళ్ళ అదృష్టం అది. నాలుగు తరాలుగా పట్నంలోనే ఉన్నవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. చీటీ గుచ్చి పంపడమే.

పిల్ల అక్కడ రోజూ ఏడ్చేది. భోజనం బాగానే పెట్టారు, గుడ్లు కూడా దొరికేవి. ఏడుపు దేనికంటే, అక్కడ మోత లేదు. రాత్రి నిశ్శబ్దంగా ఉంటే పన్నెండు లెక్కపెట్టేది. పూర్తయితే మళ్ళీ మొదలు.

సెప్టెంబరు వచ్చేసరికి మిత్రసేనలు ఫ్రాన్సులోని ఆ వాలుబల్లలన్నిటినీ పట్టుకున్నాయి. సెప్టెంబరు 7న డంకన్ శాండ్స్ అనే మంత్రిగారు, చర్చిల్ అల్లుడు, పత్రికలవారిని పిలిచి లండను గండం గట్టెక్కింది, చివరి గుండ్లు ఒకటో రెండో పడితే పడవచ్చునన్నాడు. 8వ తేదీ పొద్దున పేపరు చూసి మామ్మగారి తల్లి లాంకషైరుకు ఉత్తరం రాసి డబ్బాలో వేసింది. పిల్లలను పంపించేయండి, మీ మేలు మరచిపోము అని.

ఆ సాయంకాలం ఏడు కాకముందే పశ్చిమ లండన్‌లోని చిజిక్‌లో, స్టేవ్లీ రోడ్డున, మొట్టమొదటి వి-2 పడింది.

ఆ రోడ్డు చూడాలని ఒక ఆదివారం వెళ్ళాను. చెట్లు, వాటి వెనక ఒద్దికగా ఇళ్ళు, కారు కడుక్కుంటున్న ఒక పెద్దమనిషి. కరెంటు సబ్‌స్టేషను పక్కన చిన్న స్మారకశిల ఉంది. చనిపోయినవారు ముగ్గురు. మూడేళ్ళ పాప, అరవై దాటిన ఇల్లాలు, సెలవుమీద వచ్చిన సిపాయి. నలభైయారడుగుల రాకెట్టు అది, పదమూడు టన్నుల బరువు. ఆలుగడ్డలనుంచి తీసిన సారాయినీ ద్రవంగా మార్చిన ప్రాణవాయువునూ కలిపి మండించుకొని, హాలెండులోని హేగ్ నగరం నుంచి బయలుదేరి, యాభై మైళ్ళ ఎత్తుకు లేచి, ఐదు నిమిషాల్లో లండన్‌లో వాలుతుంది. వాలేటప్పుడు ధ్వని వేగానికన్నా ఎక్కువ వేగం. అందువల్ల ముందు పేలుతుంది, వస్తున్న చప్పుడు తరువాత వినిపిస్తుంది. సైరను లేదు, మోత లేదు, పన్నెండంకెలు లేవు.

ఇంత పెద్ద పేలుడు ఏమిటని జనం అడిగితే గ్యాసు గొట్టం పేలిందన్న మాట పుట్టింది. ప్రభుత్వంవారు ఔనని అనలేదు, కాదనీ అనలేదు. ఆ తరువాత రోజూ ఎక్కడో ఒకచోట గ్యాసు గొట్టం పేలుతూనే ఉంది. లండనువాళ్ళు ఎంత కష్టంలోనైనా హాస్యం మానరు గదా, 'ఎగిరే గ్యాసు గొట్టాలు' అని పేరుపెట్టారు. చర్చిల్ పార్లమెంటులో అసలు సంగతి ఒప్పుకున్నది నవంబరు 10న, రెండు నెలల తరువాత. ఎక్కడ పడుతున్నాయో శత్రువుకు తెలియకూడదని దాచామన్నారు. అదీ నిజమే కావచ్చు.

కాని ఈలోగా ఉత్తరం లాంకషైరు చేరింది. సెప్టెంబరు మూడోవారంలో పిల్లలు రైలు దిగారు. స్టేషనులో తల్లి ముద్దు పెట్టుకుంటుంటే ఎక్కడో దూరాన గ్యాసు గొట్టం పేలిందట. "రెండు నెలలు, కబురు బయటపడేదాకా, మమ్మల్ని దగ్గర పెట్టుకున్నానని మా అమ్మ మురిసిపోయింది," అన్నది మామ్మగారు. "తెలిసిన రోజు మాత్రం చేతిలో ప్లేటు ఉంటే దాన్ని నెమ్మదిగా బల్లమీద పెట్టి, పేపరు మడిచి పొయ్యిలో పెట్టింది. ఒక్క మాట అనలేదు. మళ్ళీ పంపుతావా అని నాన్న అడిగాడు. ఇంక వాళ్ళ మాట విని పంపను, వాళ్ళ మాట విని పిలవను అన్నది."

ఆ ఇంటి మనుషులకు వి-1 కన్నా వి-2 సులువనిపించిందట! నేను నమ్మలేకపోయాను. ఆవిడ వివరించింది. వినపడేది ఉంటే చెవి ఒగ్గి బతకాలి. వినపడనప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. అందుకని కెటిలు ఈల మళ్ళీ కెటిలెక్కింది. రేడియో గొంతు పెరిగింది. అన్నాచెల్లెళ్ళు గట్టిగా పోట్లాడుకున్నారు. చాలామంది బల్లకింద పడుకోవడం మానేసినా, వాళ్ళమ్మ మాత్రం మానలేదు, మాననివ్వలేదు. కిటికీలకు గాజు లేదు, తారు పూసిన అట్ట కొట్టారు. లండన్‌లో దెబ్బతిన్న ఇళ్ళు అప్పటికి లక్షల్లో ఉన్నాయి, బాగుచేసే మేస్త్రీలను దేశం నలుమూలలనుంచీ రప్పించారు, అయినా చాలలేదు. ఆ చలికాలం పగలు కూడా దీపం పెట్టుకొని వండుకున్నారట.

అదే వీధిలో 2022 నుంచి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరంనుంచి వచ్చిన తల్లీ కొడుకూ ఉంటున్నారు. ఆ ఊరు రష్యా సరిహద్దుకు దగ్గర. క్షిపణి బయలుదేరి నిమిషంలోపే వచ్చి పడుతుంది. చాలాసార్లు పేలుడు తరువాతే సైరను మోగేదట. ఆ తల్లి వచ్చీరాని ఇంగ్లీషులో ఈ ముక్క చెబుతుంటే వీధి మొత్తంలో ఏ వివరణా అడగకుండా తలూపినది మామ్మగారు ఒక్కతే అని మా అక్కయ్య చెప్పింది.

నేను తిరుగుప్రయాణానికి ముందు అక్కయ్య సామాన్లు కొనాలంటే న్యూక్రాస్ మీదుగా వెళ్ళాము. అక్కడ 1944 నవంబరు 25, శనివారం మధ్యాహ్నం, వుల్‌వర్త్ దుకాణం మీద వి-2 పడింది. చాలాకాలానికి గిన్నెలు అమ్మకానికి వచ్చాయని విని ఆడవాళ్ళు పిల్లలను వెంటబెట్టుకొని వరసలో నిలబడి ఉన్నారంటారు. 168 మంది పోయారు. ఇప్పుడక్కడ వేరే దుకాణం. గోడమీద ఫలకం ఉంది. దానికింద బస్సుకోసం నిలబడ్డవాళ్ళు ఫోను చూసుకుంటున్నారు. అక్కయ్య ఫలకం పూర్తిగా చదివి, "గిన్నెలకోసమా!" అన్నది. ఆ రోజు మేము ఏమీ కొనలేదు.

చివరి వి-2లు 1945 మార్చి 27న పడ్డాయి. ఒకటి స్టెప్నీలో హ్యూస్ మాన్షన్స్ అనే ఇళ్ళసముదాయం మీద పడి 134 మందిని తీసుకుపోయింది. మేలో యుద్ధం ముగిసింది. ఆ తరువాత కొన్నాళ్ళకు పురపాలకసంఘంవారు బండి తెచ్చి ఇంటింటా ఉక్కుబల్లలు విప్పి పట్టుకుపోయారట. పాత ఇనుముకు అప్పుడు గిరాకీ. మామ్మగారింటి బల్ల కూడా వెళ్ళిపోయింది. ముందుగది ఒక్కసారిగా పెద్దదైనట్టు కనిపించింది. కార్పెట్టు మీద నాలుగు కాళ్ళ గుంటలు మిగిలాయి.

ఆ రాత్రి మూడేళ్ళ తరువాత మొదటిసారి అందరూ మేడమీద మంచాలెక్కారు. తల్లి ఉతికిన దుప్పట్లు పరిచింది. తండ్రి దీపం ఆర్పాడు. పావుగంటకు అన్న కిందికి దిగాడు. ఆ వెనక తల్లి కూతుర్ని ఎత్తుకొని దిగింది. తండ్రి పరుపులు లాక్కుంటూ వచ్చాడు. నాయనమ్మ కుర్చీలోనే ఉన్నది, నేలమీద పక్కలు పరుస్తున్న కొడుకును చూసి కాళ్ళు కాస్త ముడుచుకొని చోటిచ్చిందట.